వాషింగ్ మెషిన్ మధ్యలో ఆగిపోతోందా? బోర్డు మార్పించే ముందు నీళ్ళ సంగతి చూడండి

మెషిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డుకు డబ్బు ఇప్పుడే కట్టకండి. మీరు రాసిన వివరాలు చూస్తే బోర్డు పోయినట్టు నాకు అనిపించడం లేదు.

ఇదే ఇబ్బంది ఉన్న మిగతావాళ్ళకూ అర్థం కావాలి కాబట్టి మీరు చెప్పింది క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను. బెంగళూరులో మహదేవపుర వైపు అపార్ట్‌మెంటు, నాలుగో అంతస్తు. ఏడు కిలోల ఫ్రంట్ లోడ్ మెషిన్, కొని ఐదేళ్ళు దాటింది. కొన్నాళ్ళుగా మధ్యలో ఆగిపోతోంది. ఒకసారి ఇంకా 42 నిమిషాలు ఉన్నాయని చూపించే దగ్గర, ఇంకోసారి 18 దగ్గర. డిస్‌ప్లే వెలుగుతూనే ఉంటుంది, డ్రమ్ము తిరగదు, గాజు తలుపు వెనక నీళ్ళూ నురగా కనిపిస్తూ ఉంటాయి. ఆఫ్ చేసి అరగంట ఆగి మళ్ళీ పెడితే ముందుకు కదులుతుంది. కొన్ని రోజులు మాత్రం ఏ గొడవా లేకుండా ఉతికేస్తుంది. వచ్చిన మెకానిక్ మెషిన్ విప్పకుండానే బోర్డు పోయిందన్నాడు, వేలల్లో అవుతుందన్నాడు. ఇంట్లో చంటిపాప బట్టలు రోజూ ఉంటాయి, చాలా టెన్షన్‌గా ఉంది, బోర్డు మార్పించాలా, కొత్త మెషినే కొనాలా అని అడిగారు.

చివర్లో మాటవరసకు మీరు రాసిన ఒక్క వాక్యం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. ఈమధ్యే మీ అపార్ట్‌మెంటుకు కావేరి కనెక్షన్ వచ్చిందనీ, వారంలో కొన్ని రోజులు ఆ నీళ్ళు, మిగతా రోజులు ట్యాంకరు నీళ్ళు వస్తాయనీ రాశారు. మీ మెషిన్ కొన్ని రోజులు బాగుండి కొన్ని రోజులు మొరాయించడానికి కారణం అక్కడే ఉందని నా అంచనా. ఈ ఊళ్ళో చాలా ఏళ్ళుగా మెషిన్లు బాగుచేస్తున్నాను. ట్యాంకరు నుంచి కావేరికి మారిన ఇళ్ళలో ఇదే ఫిర్యాదు తరచూ వింటున్నాను.

కావేరి నీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులో మొదలయ్యాక, 2007 ప్రాంతంలో నగరంలో కలిసిన 110 గ్రామాల పరిధికి నదినీళ్ళు రావడం మొదలైంది. మీ మహదేవపుర వైపు చాలా ఊళ్ళు అందులోవే. అంతకుముందు ఆ ప్రాంతాలు చాలావరకు బోర్ల మీద, ట్యాంకర్ల మీద బతికినవే. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. వాటి మోతాదునే నీటి కఠినత్వం అంటారు. తాగే నీటికి మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 వరకు సర్దుకోవచ్చు. లోతైన బోర్ల నుంచి వచ్చే ట్యాంకరు నీళ్ళు ఆ పై అంచుకు దగ్గరగా ఉండటం కొత్తేమీ కాదు. అలాంటి నీళ్ళలో నురగ రాదు. నురగ రాకపోతే మురికి పోలేదనిపిస్తుంది, ఇంకో చెంచా పౌడర్ వేస్తాం. అలా ఏళ్ళ తరబడి చేయి ఒక కొలతకు అలవాటు పడిపోతుంది.

ఇప్పుడు అదే కొలత పౌడర్ కావేరి నీళ్ళలో పడితే ఏమవుతుందో ఊహించండి. ఆ నీళ్ళు మెత్తనివి, అంటే కఠినత్వం తక్కువ. నురగ పొంగుతుంది. ఫ్రంట్ లోడ్ మెషిన్‌కు నురగంటే అసలు పడదు. అడుగున ఉండే డ్రెయిన్ పంపు నీళ్ళను తోయగలదు గానీ గాలితో నిండిన నురగను తోయలేదు, పంపు రెక్క ఊరికే తిరుగుతూ ఉంటుంది. ఇంకోవైపు, టబ్బులో నీటిమట్టం ఎంత ఉందో బోర్డుకు చెప్పేది ఒక సన్నటి గాలిగొట్టం, దాని చివరన ప్రెజర్ స్విచ్. నురగ ఆ గొట్టంలోకి ఎక్కితే నీళ్ళు ఇంకా ఉన్నాయనే కబురు వెళుతుంది. నీళ్ళు పోయాయన్న కబురు రానిదే బోర్డు డ్రమ్మును తిప్పనివ్వదు. అంటే బోర్డు తన పని తాను సరిగ్గా చేస్తోందన్నమాట. మీరు ఆఫ్ చేసి అరగంట ఆగినప్పుడు నురగ కూర్చుంటుంది, పంపుకు మళ్ళీ నీళ్ళు అందుతాయి, మెషిన్ కదులుతుంది. మీకు అది తనంతట తాను బాగైనట్టు కనిపిస్తుంది.

42 దగ్గర, 18 దగ్గర అని రాయడం ఎంత మేలు చేసిందో చెప్పాలి. మీది లాంటి మెషిన్లలో ఉతకడం అయ్యాక మొదటిసారి నీళ్ళు వదిలేది మిగిలిన సమయం 40 చిల్లరగా చూపించేటప్పుడు. జాడింపుల మధ్య వదిలేది 20 లోపు. మోడల్‌ను బట్టి ఈ అంకెలు మారతాయి, కానీ మీ మెషిన్ ఆగిన రెండు చోట్లా అది నీళ్ళు బయటికి పంపాల్సిన ఘట్టమే. డ్రమ్ములో నీళ్ళు నిలిచి ఉండటం కూడా దానికి సరిపోతోంది. నా అనుమానం మొదట నురగ మీద, దానితోపాటే డ్రెయిన్ ఫిల్టర్ మీద, ఆ తర్వాత డ్రెయిన్ పంపు మీద. బోర్డు చాలా చివరికి.

ముందు ఫిల్టర్ తీయండి. ప్లగ్గు పీకేసి, నీటి కుళాయి కట్టేసి మొదలుపెట్టాలి. పాప బట్టలకు వేడినీళ్ళ ప్రోగ్రాం పెట్టి ఉంటే లోపలి నీళ్ళు చల్లారేదాకా ఆగండి. మెషిన్ అడుగున ముందువైపు ఒక మూల చిన్న మూత ఉంటుంది. అది తెరిస్తే గుండ్రటి ఫిల్టర్, చాలా మోడళ్ళలో పక్కనే వేలెడు రబ్బరు గొట్టం కనిపిస్తాయి. ఆ గొట్టం బిరడా తీసి లోతు తక్కువ పళ్ళెంలోకి నీళ్ళు వదలండి. ఒక బకెట్టు పైనే రావచ్చు, ఓపిగ్గా పళ్ళెం పళ్ళెంగా పారబోయాలి. నీళ్ళు ఆగాకే ఫిల్టర్‌ను ఎడమవైపుకు మెల్లగా తిప్పి బయటికి లాగండి. తొందరపడి ఒకేసారి తిప్పితే వంటింటి దాకా వరద వస్తుంది.

అందులో ఏముంటుందో చూసి ఆశ్చర్యపోకండి. మన ఇళ్ళలో ఎక్కువగా దొరికేవి బ్లౌజు హుక్కులు, పిన్నీసులు, జడ పిన్నులు, రూపాయి బిళ్ళలు, చంటిపిల్లల సాక్సులు. వాటన్నిటినీ కలిపి పట్టి ఉంచేది బూడిద రంగు జిగట. కరగని పౌడర్, బట్టల నూగు, నీళ్ళలోని సున్నం కలిసి అలా తయారవుతుంది. ఐదేళ్ళలో ఒక్కసారి కూడా తీయలేదంటే చేతికి ముద్దగా వస్తుంది. పాత బ్రష్షుతో రుద్ది కడగండి. తర్వాత ఆ రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. లోపల పంపు రెక్క కనిపిస్తుంది. కర్రపుల్లతో మెల్లగా తిప్పితే అది నున్నగా తిరగదు, ఆగి ఆగి కుదుపుతో కదులుతుంది. లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి అలా కదలడమే ఆరోగ్యం. అసలు కదలకపోయినా, లొడలొడమని వదులుగా ఊగినా పంపు చెడిందని అర్థం. రెక్కకు వెంట్రుకలో దారమో చుట్టుకుని ఉంటే పట్టకారుతో లాగేయండి. ఫిల్టర్ తిరిగి బిగించాక మొదటిసారి నడిపేటప్పుడు కింద చెమ్మ వస్తోందా అని ఒక కన్నేసి ఉంచండి. రబ్బరు వాషర్ కింద ఒక్క దారం ఇరుక్కున్నా కారుతుంది.

అలాగే మెషిన్ వెనక బయటికి పోయే గొట్టాన్ని కూడా చూడండి. బెంగళూరు ఫ్లాట్లలో యుటిలిటీ, అంటే మెషిన్ పెట్టుకునే వసారా, ఇరుకు. మెషిన్‌ను గోడకు నెట్టేసరికి ఆ గొట్టం మడత పడిపోతుంది. ఫ్రంట్ లోడ్‌కు ఈ గొట్టం నేల నుంచి సుమారు 60 సెంటీమీటర్ల నుంచి మీటరు ఎత్తు దాకా పైకి వెళ్ళి వంగాలి. నేల మీద పడేసి, నీళ్ళు పోయే నేల రంధ్రమైన ఫ్లోర్ ట్రాప్‌లో దూర్చితే నీళ్ళు నింపుతూ ఉండగానే జారిపోవచ్చు, మెషిన్ ఎంతకీ నిండక ఆగిపోతుంది. టాప్ లోడ్ వాడేవాళ్ళు ఈ మాట తమకు అన్వయించుకోకండి. పంపు లేని టాప్ లోడ్‌లలో నీళ్ళు పల్లానికి వాటంతట అవే పోవాలి, అక్కడ గొట్టం నేలకు దగ్గరగానే ఉండాలి. ప్లంబర్లు ఈ రెండింటినీ కలిపేయడం చాలాచోట్ల చూశాను.

ఇక పరీక్ష. బట్టలు లేకుండా, పౌడర్ లేకుండా, కేవలం జాడించి పిండే ప్రోగ్రాం పెట్టండి. అది ఆగకుండా పూర్తయితే నీళ్ళు తీసుకునే వాల్వు, డ్రెయిన్ పంపు, మోటారు, తలుపు తాళం, వీటన్నిటినీ నడిపించే బోర్డు ఒక మోస్తరుగా బాగున్నట్టే. తర్వాత ఖాళీగానే చన్నీళ్ళతో పూర్తి కాటన్ ప్రోగ్రాం నడపండి. అదీ పూర్తయితే మూడోది, ఖాళీగా 40 డిగ్రీల వేడితో. మొదటి రెండూ పాసై మూడోది ఆగితే దృష్టి హీటరు వైపు మళ్ళాలి. మూడూ పాసై, బట్టలూ పౌడరూ వేసినప్పుడే ఆగితే నురగ లేదా బరువు. ఈ మూడు నడపడానికి ఒక పూట పడుతుంది. బోర్డు ఖర్చుతో పోలిస్తే ఆ పూట ఏపాటి? పౌడర్ వేయకపోయినా మొదటిసారి నురగ వస్తే కంగారు పడకండి. టబ్బు గోడలకు పాత పౌడర్ అంతగా పేరుకుని ఉందని అర్థం. నురగ రావడం ఆగేదాకా ఖాళీగా నడపండి.

నీళ్ళు ఏ రోజు ఏవి వస్తున్నాయో తెలుసుకోవడం కూడా కష్టం కాదు. ఒక సీసాలో సగం నీళ్ళు పట్టి, స్నానం సబ్బు చిన్న ముక్క వేసి గట్టిగా కుదపండి. నురగ నిలబడితే మెత్తని నీళ్ళు. నురగ రాకుండా పాలు విరిగినట్టు తెల్లటి పొరలు తేలితే ట్యాంకరు నీళ్ళు. ఆర్‌ఓ కోసం నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ పెన్ను ఉంచుకున్నవాళ్ళు దానితో చూసినా చాలు. అది కఠినత్వాన్ని నేరుగా చెప్పదు గానీ, అంకె నిన్నటికీ ఇవాళ్టికీ బాగా తగ్గిందంటే నీళ్ళు మారినట్టే. కావేరి రోజున మీరు ట్యాంకరు రోజు వేసేదానిలో సగం పౌడర్‌తో మొదలుపెట్టండి. సంపులో రెండు రకాలూ కలిసిపోతుంటే కూడా సగంతోనే మొదలుపెట్టి, మురికి వదలకపోతే మెల్లగా పెంచండి. తలుపు గాజు మీద సగానికి మించి నురగ కనిపించకూడదు, అదే మీకు కొలత. చేత్తో ఉతికే పౌడర్ గానీ, టాప్ లోడ్ కోసం చేసిన పౌడర్ గానీ ఫ్రంట్ లోడ్‌లో వేయకండి. చౌకగా ఉందని కలిపి వాడేవాళ్ళ ఇళ్ళకే నేను ఎక్కువ వెళుతుంటాను. పాప బట్టలకు ఇంకో మేలు కూడా ఉంది. పౌడర్ ఎక్కువైతే జాడింపులో పోదు, ఆరిన గుడ్డలో మిగిలి ఒంటికి తగులుతుంది.

ఈసారి ఆగినప్పుడు డిస్‌ప్లే మీద అక్షరాలు ఏమైనా వస్తే వెంటనే ఫొటో తీసి పెట్టుకోండి. ఎల్‌జీలో ఓఈ, సామ్‌సంగ్‌లో 5సీ లేదా 5ఈ, బాష్‌లో ఈ18 వస్తే నీళ్ళు బయటికి పోవడం లేదని అర్థం. అదే ఎల్‌జీలో ఐఈ, సామ్‌సంగ్‌లో 4సీ లేదా 4ఈ, బాష్‌లో ఈ17 అయితే లోపలికి నీళ్ళు సరిగ్గా రావడం లేదు. ఎల్‌జీలో యూఈ, సామ్‌సంగ్‌లో యూబీ అంటే బట్టలు ఒకవైపు చేరి బరువు కుదరలేదు. ఎల్‌జీలో డీఈ, సామ్‌సంగ్‌లో డీసీ తలుపు గురించి. మిగతా కంపెనీలవి మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటాయి. కోడ్ అనేది ఏ భాగం పోయిందో తేల్చే తీర్పు కాదు, ఏ పని జరగలేదో చెబుతుంది అంతే. ఓఈ వచ్చిందని పంపు మార్చేసి, అసలు కారణం గొట్టం మడత అని తర్వాత తేలిన ఇళ్ళు ఉన్నాయి.

ఫిల్టర్ కడిగి, పౌడర్ తగ్గించినా ఆగుతూనే ఉంటే, లోపల నీళ్ళు నిలిచే ఉంటే, అప్పుడు పంపును అనుమానించాలి. పాతబడిన పంపు చల్లగా ఉన్నప్పుడు నడుస్తుంది, వేడెక్కాక బిగుసుకుంటుంది, మళ్ళీ చల్లారితే నడుస్తుంది. అరగంట లెక్క దానికీ సరిపోతుంది. నీళ్ళు వదిలే సమయంలో చెవి పెట్టి వినండి. సన్నటి గుర్రుమనే మోత వచ్చి నీళ్ళు కదలకపోతే రెక్క ఇరుక్కుంది లేదా అరిగింది. అసలు మోతే లేకపోతే పంపు లోపలి తీగచుట్టో, దాని వైరో, అప్పుడే బోర్డులో పంపుకు కరెంటు పంపే రిలేనో చూడాలి. అది తేల్చడానికి మెకానిక్‌కు మల్టీమీటరు ఉంటే ఐదు నిమిషాల పని. పంపు దగ్గరికి 230 వోల్టులు వస్తున్నాయా అని చూస్తాడు. వస్తూ పంపు తిరగకపోతే పంపు తప్పు. రాకపోతే వైరు చూసి, అదీ బాగుంటే బోర్డు తప్పు. కరెంటు ఉండగా చేసే ఈ కొలత మీరు చేయకండి. కింద తడి ఉంటుంది, ఇది అలవాటున్న చేతులు చేయాల్సిన పని.

ప్రెజర్ స్విచ్ గొట్టం సంగతి కూడా మెకానిక్‌కు చెప్పండి. ఫిల్టర్‌లో చూసిన ఆ జిగటే ఈ గొట్టం మొదట్లో కూడా పేరుకుంటుంది. గొట్టాన్ని స్విచ్ వైపు నుంచి ఊడదీశాకే ఊదాలి, తగిలించి ఉండగా ఊదితే స్విచ్ లోపలి పలుచటి పొర చిరుగుతుంది. ఈ ఒక్క శుభ్రంతో బతికిన మెషిన్లు చాలా ఉన్నాయి, బోర్డు పోయిందని అన్న మెషిన్లతో సహా.

ఇక మీ లక్షణాలకు సరిపడకపోయినా, ఇదే సమస్యతో ఇక్కడికి వచ్చేవాళ్ళ కోసం మిగతావి.

మెషిన్ మొదలుపెట్టిన పది పదిహేను నిమిషాలకు ఇల్లంతా కరెంటు పోతే, మీటరు బోర్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, అంటే ఆర్‌సీసీబీ కిందికి పడితే, అది చాలాసార్లు హీటరే. బోరు నీళ్ళ సున్నం హీటరు మీద గట్టి పెంకులా కడుతుంది. వేడి బయటికి పోలేక దాని లోహపు తొడుగు పగులుతుంది, నీళ్ళు లోపలికి చేరి కరెంటు ఎర్త్‌కు పారుతుంది. ఇళ్ళలో పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే పడిపోతుంది. అది మీ ప్రాణం కాపాడుతోంది. మాటిమాటికీ పడుతోందని దాన్ని తప్పించి నేరుగా కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పకండి, ఎవరైనా అలా చేస్తానన్నా ఒప్పుకోకండి. హీటరు మార్పించేదాకా మెషిన్ వాడటం ఆపేయండి. చన్నీళ్ళ ప్రోగ్రాంలోనూ ఆ పగిలిన హీటరు నీళ్ళలోనే ఉంటుంది.

హీటరు 2000 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్టు, దానికి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, అందులోనే ఇస్త్రీ పెట్టె అంటే మెషిన్ మధ్యలో ఆగక ఏం చేస్తుంది? ప్లగ్గు పిన్నులు నల్లబడ్డాయేమో, ఉతుకు అయ్యాక ముట్టుకుంటే కాలుతోందేమో చూడండి. ఫ్రంట్ లోడ్‌కు ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టు విడిగా ఉండాలి. అపార్ట్‌మెంట్లలో ఇంకో సంగతి కూడా ఉంటుంది. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారినప్పుడు ఒక్కో ఫ్లాటుకు ఇంత లోడ్ అని పరిమితి పెడతారు. వేడినీళ్ళ ప్రోగ్రాం నడుస్తుంటే ఆ పరిమితి దాటి ఫ్లాటు మొత్తం ఆగిపోతుంది. మెషిన్ ఆగిన టైముకు కరెంటు పోయిందా అని వాచ్‌మన్‌ను అడిగితే తేలిపోతుంది. కరెంటు వచ్చీపోయీ బోర్డు తికమక పడినప్పుడు ప్లగ్గు పీకి పది నిమిషాలు ఆగి పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఆర్పడం చాలదు, ప్లగ్గు పీకాలి.

నీళ్ళు నింపే దగ్గరే ఆగేవాళ్ళు ముందు కుళాయి చూడండి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయినప్పుడు నీళ్ళు పొదుపు చేయాలని కొన్ని అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లకు వెళ్ళే వాల్వులు సగం బిగించారు, తర్వాత తెరవడం మరిచిపోయారు. చాలా ఫ్రంట్ లోడ్‌లకు కనీసం 0.3 బార్ ఒత్తిడి కావాలి, అంటే ట్యాంకులో నీటిమట్టం మెషిన్‌కు మూడు మీటర్ల పైన ఉండాలి. ట్యాంకుకు దగ్గరగా ఉండే పై అంతస్తువాళ్ళకు అంత ఎత్తు దొరకకపోవచ్చు. మెషిన్ కుళాయి కింద పది లీటర్ల బకెట్టు పెట్టండి, రెండు నిమిషాల్లో నిండకపోతే ఒత్తిడి తక్కువని అనుకోవచ్చు. నిండితే కుళాయి కట్టేసి, మెషిన్ వెనక ఇన్‌లెట్ గొట్టం విప్పి లోపలి చిన్న జాలీ చూడండి. ట్యాంకరు ఇసుక అక్కడ చేరుతుంది. పట్టకారుతో తీసి కడిగి పెట్టేయండి.

ఉతుకుతుండగా డ్రమ్ము ఆగిపోయి, నీళ్ళు మాత్రం మామూలుగా పోతుంటే మోటారు వైపు చూడాలి. బెల్టు మీద నడిచే పాత మోటారు అయితే దానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు (కార్బన్లు) అరిగి ఉంటాయి. మాడిన వాసన, కిందినుంచి నిప్పురవ్వలు, మెషిన్‌ను కాస్త కదిపితే మళ్ళీ తిరగడం దాని గుర్తులు. కార్బన్లు ఎప్పుడూ జతగా మార్చాలి. ఇన్వర్టర్ మోటారు, డైరెక్ట్ డ్రైవ్ అని రాసి ఉన్న మెషిన్లలో కార్బన్లే ఉండవు. వాటికి కార్బన్లు పోయాయని ఎవరైనా చెబితే ఆ మనిషిని అక్కడితో పంపించేయండి. సెమీ ఆటోమేటిక్‌లో, బెల్టు ఉన్న చాలా టాప్ లోడ్‌లలో మోటారు గుయ్యిమంటూ తిరగకపోతే మోటారు తిరగడం మొదలుపెట్టడానికి సాయపడే కెపాసిటర్ బలహీనపడి ఉంటుంది. మార్చడం సులువే గానీ ప్లగ్గు పీకాక కూడా దానిలో షాక్ మిగిలి ఉంటుంది, తెలిసినవాళ్ళకే వదిలేయండి.

చివరి పిండుడు దగ్గర ఆగి, నిమిషాలు మళ్ళీ మళ్ళీ పెరుగుతుంటే బరువు కుదరలేదు. ఒక్క దుప్పటి ఒంటరిగా వేస్తే అలా అవుతుంది, దానికి తోడు రెండు తువాళ్ళు వేయండి. సోక్ ప్రోగ్రాంలో, జాడింపు నీళ్ళు నిలిపి ఉంచే సెట్టింగులో మెషిన్ కావాలనే ఆగుతుంది. ఇంట్లో పిల్లలెవరైనా ఆ బటన్ నొక్కి ఉండొచ్చు, అదీ చూడండి.

బోర్డులు అసలు పోవని నేను అనను. యుటిలిటీలో వాన జల్లు తగిలినచోట, బొద్దింకలు వెచ్చదనానికి బోర్డు వెనక చేరినచోట పోతాయి. ప్లగ్గులో కరెంటు ఉన్నా డిస్‌ప్లే వెలగకపోవడం, లోపల టకటకమని రిలే కొట్టుకోవడం, ఒక ప్రోగ్రాం పెడితే ఇంకోటి నడవడం, విప్పితే నల్లటి మచ్చ, ఇవి బోర్డు పోయిన గుర్తులు. మీరు రాసిన దానిలో ఇవేవీ లేవు.

మళ్ళీ మెకానిక్‌ను పిలిచేటప్పుడు బోర్డు మార్చడానికి రమ్మనకండి, నీళ్ళు బయటికి పోవడం లేదని చెప్పి పిలవండి. పంపు దగ్గర కరెంటు కొలిచి చూపించమనండి. ఏ భాగం మార్చినా పాతది మీ చేతికి ఇవ్వమనండి, కొత్తదానికి బిల్లూ వారంటీ రాయించుకోండి. పంపు గానీ వాల్వు గానీ బయట కొనాలనుకుంటే తలుపు అంచు దగ్గర ఉండే మోడల్ నంబరు స్టిక్కరు ఫొటో తీసుకుని బెంగళూరులో విడిభాగాలు అమ్మే ఎస్‌పీ రోడ్డుకు వెళ్ళండి, నంబరు లేకుండా వెళితే చూడటానికి ఒకేలా ఉండి బిగించడానికి కుదరనివి ఇస్తారు. మోటారుకు పదేళ్ళ వారంటీ ఉందని రాసి ఉంటే అది మోటారు వరకే. బోర్డు, పంపు అందులోకి రావు. మీ మెషిన్‌ను మాత్రం ఈ స్థితిలో మార్చేయకండి. డ్రమ్ము బేరింగు మోత లేకుండా, టబ్బు కారకుండా ఉంటే ఐదేళ్ళ మెషిన్‌కు ఇంకా చాలా జీవితం ఉంది.

అంతా కుదుటపడ్డాక, టబ్బులో ఐదేళ్ళుగా పేరుకున్న సున్నం కోసం ఒకసారి ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి 60 డిగ్రీల ప్రోగ్రాం నడపండి, తర్వాత ఉత్త నీళ్ళతో ఒక జాడింపు. కంపెనీ అమ్మే డీస్కేలింగ్ పౌడర్ అయినా సరే. నిమ్మ ఉప్పు వేసిన రోజు బ్లీచింగ్ వాడకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, మూసి ఉన్న యుటిలిటీలో చంటిపిల్ల దగ్గర అది ప్రమాదం. సున్నం పెచ్చులు ఊడి వస్తాయి కాబట్టి ఆ మర్నాడు ఫిల్టర్ మళ్ళీ తీసి చూడండి. ట్యాంకరు నీళ్ళు నడిచినంతకాలం నెలకోసారి ఫిల్టర్ తీయడం అలవాటు చేసుకోండి.

ఖాళీగా నడిపే మూడు పరీక్షలూ అయ్యాక ఏది పూర్తయిందో, ఏది ఏ నిమిషం దగ్గర ఆగిందో, ఆ రోజు ఏ నీళ్ళు వచ్చాయో రాయండి. ఆగినప్పుడు పంపు మోత వినిపించిందా లేదా అన్నది కూడా చెప్పండి. పంపు మార్చాలా వద్దా అన్నది దాన్ని బట్టి చెబుతాను.